బొట్టు పెట్టి పిలవాలా?

మీ ఇంట్లో శుభకార్యమైతే చుట్టాలను ఎలా పిలుస్తారు? కార్డు పోస్టులో వేస్తే ఒక లెక్క, ఫోను చేస్తే ఒక లెక్క, మొగుడూ పెళ్ళాం ఇద్దరూ ఇంటికొచ్చి కుంకుమ భరిణె తీసి బొట్టు పెడితే ఒక లెక్క. ఎవరు ఎలా పిలిచారో మనకి పాతికేళ్ళయినా గుర్తుంటుంది. పెళ్ళిలో ఏం కూర వండారో మర్చిపోతాం గానీ, గుమ్మంలో నిలబడి పిలిచారా, లోపలికొచ్చి పిలిచారా అన్నది మర్చిపోం. అవునా, కాదా? నేనూ అంతేనండీ. మీకంటే ఓ పిసరు ఎక్కువే.

అలాంటి నేను ఒకసారి పిలవని చోటికి పెట్టె సర్దుకుని వెళ్ళాను. ఎందుకెళ్ళానో చెప్పాలంటే ముందు సముద్రం దగ్గర మొదలెట్టాలి.

మాది రాజాం వైపు. చెరువు చేపలే గానీ సముద్రం చేప రుచి తెలియని ఇల్లు. మావారు హైస్కూల్లో తెలుగు మాస్టారు. రిటైరయ్యే ముందు ఆఖరి బదిలీ కళింగపట్నం దగ్గర ఒక ఊరికి వేశారు. వంశధార సముద్రంలో కలిసే చోటికి దగ్గర. రాత్రిపూట లైటుహౌసు వెలుతురు మా పెరటి గోడ మీద తిరుగుతూ ఉండేది. ఊరి పేరు మాత్రం రాయను. ఎందుకంటే నేను చెప్పబోయేది ఒకళ్ళ ఇంటి తగువు.

మా వీధి చివర నుంచి ఇసుక మొదలు. ఆ ఇసుకలో తెప్పలు. తెప్పలంటే పాత సినిమాల్లో చూసిన దుంగలు కట్టిన తెప్పలు కావు. ఇప్పుడన్నీ ఫైబరువే. ముప్ఫై అడుగుల దాకా పొడవు, వెనకాల ఇంజను. పేరు మాత్రం తెప్పే. శ్రీకాకుళం జిల్లాకి సుమారు 193 కిలోమీటర్ల సముద్రతీరం ఉందని, విజయనగరానికి 28 కిలోమీటర్లని మావారు పిల్లలకి చెబుతుండేవారు. ఇంత తీరమున్నా, మన విశాఖపట్నంలో ఉన్నట్టు పడవలు నీళ్ళలోనే ఆగి, మెట్లెక్కి దిగినట్టు దిగే రేవు ఆ ఊళ్ళో లేదు. దగ్గర్లోనూ లేదు. రోజూ తెప్పను ఇసుక మీంచి ఎత్తి నీళ్ళలో దింపాలి. మళ్ళీ నీళ్ళలోంచి ఎత్తి ఇసుక మీదికి చేర్చాలి. ఒక్క తెప్పలో వేటకి వెళ్ళేది నలుగురైదుగురు. ఎత్తడానికి పదిహేను మంది తక్కువైతే కదలదు. మరి మిగతా పదిమంది ఎక్కణ్ణుంచి వస్తారు?

ఆ ప్రశ్నకి జవాబు తెలియడానికి నాకు నెలరోజులు పట్టింది.

మాకు చేపలు పోసే మనిషి ఉండేది. నాకంటే పెద్దది. నేను అప్పా అనేదాన్ని, ఆవిడ నన్ను మాస్టారమ్మా అనేది. తెల్లారగట్ల ఒడ్డున పాటలో చేపలు పాడుకుని, గంప నెత్తినెట్టుకుని వీధుల్లో అమ్మి, మిగిలినవి బస్సులో శ్రీకాకుళం పట్టుకెళ్ళేది. ఒకరోజు "ఎప్పుడూ ఇంట్లోనే కూకుంటావేటి, రా, సంద్రం సూద్దువు గాని" అని తీసుకెళ్ళింది. అప్పటి నుంచి మావారికి కాఫీ ఇచ్చేసి, పాలు కాచి మూతపెట్టి, ఓ గంట ఒడ్డున కూర్చోవడం అలవాటైపోయింది.

మీరు కుళాయి దగ్గర బిందెల వరస చూసే ఉంటారు. ముందొచ్చినావిడ బిందె కడగడం అక్కడే, పళ్ళు తోమడం అక్కడే, పక్కింటి కబుర్లూ అక్కడే. వెనక పదిమంది నిలబడినా పట్టదు. ఒడ్డు మీద అలా నడవదు. తెప్పలు నీళ్ళలోకి దింపడానికి ఇసుక గట్టిగా, వాలుగా ఉండే చోటు ఒకటో రెండో ఉంటాయి. ఆ దారిలోకి వచ్చాక ఆలస్యం చెయ్యకూడదు. అందుకని వలలు సర్దుకోవడం, ఐసు పెట్టె, కిరోసిను డబ్బా, మంచినీళ్ళు, సద్దన్నం క్యారేజీ అన్నీ పైన, మెరకలోనే ఎక్కించేసుకుంటారు. దారి మధ్యలో వల ఆరబెట్టిన వాణ్ణి నేనొక్కణ్ణీ చూడలేదు. లంగరు తాడు అడ్డంగా వదిలేసిన కుర్రాణ్ణి ఒకణ్ణి చూశాను. వాడి తాతగారే వచ్చి, పదిమందిలో, చెవి మెలిపెట్టి తీయించారు.

ఇక ఎత్తడం. తెప్పకి ఆ చివరా ఈ చివరా తాళ్ళు కట్టి, వాటిలోంచి లావుపాటి కర్రలు దూర్చి, భుజాల కింద పెడతారు. ఒక కొసను ఎత్తి అర్ధచంద్రంలా తిప్పి దింపుతారు, తర్వాత రెండో కొస. అలా నడిపించుకుంటూ నీళ్ళదాకా. ఐలెస్సా అనే కేక ఒకటి వినిపిస్తుంది చూడండీ, అది వినపడగానే దారినపోయే వాళ్ళు కూడా చెప్పులు విడిచి వచ్చేస్తారు. టీ తాగుతున్నవాడు గ్లాసు ఇసుకలో గుచ్చి వస్తాడు. ఎవరూ ఎవర్నీ పేరు పెట్టి పిలవరు. "ఓ సెయ్యెయ్యండర్రా!" అంతే. ఆ మాట కూడా చాలాసార్లు అనక్కర్లేదు.

నీళ్ళలో దిగాక అసలు కష్టం. కెరటాలు వరసలుగా వస్తాయట. పెద్దవి కొన్ని వచ్చాక కాస్త తెరిపి ఉంటుంది. ఆ తెరిపి కోసం మొలలోతు నీళ్ళలో తెప్పను పట్టుకుని నిలబడాలి. తెప్ప ముక్కు కెరటానికి ఎదురుగా ఉండాలి. పక్కకి తిరిగిందా, బోర్లా పడుతుంది. ఇంజను అందుకునేదాకా బయటివాళ్ళు నెడుతూనే ఉంటారు. గొంతులోతు వచ్చాక వదిలేసి, ఉప్పునీళ్ళు ఊస్తూ వెనక్కి వస్తారు. అలా నెట్టినవాళ్ళలో సగం మందికి ఆ తెప్పతో చుట్టరికం కూడా లేదు. వాళ్ళ తెప్ప ఇంకా ఒడ్డునే ఉంటుంది. దాన్ని నెట్టడానికి ఇంకొకళ్ళు. ఆఖరి తెప్పకి ఎవరుంటారా అని నాకు అనుమానం వచ్చింది. ముసలాళ్ళు, బడికెళ్ళే పిల్లలు, మా అప్పలాంటి ఆడవాళ్ళు ఉంటారు. చీర కుచ్చిళ్ళు ఎగదోపి ఆవిడ భుజం పెడుతుంటే చూడాలి మీరు!

తిరిగొచ్చేటప్పుడు కూడా అంతే. ముందొచ్చినవాడు చేపలు దింపుకుని ఇంటికి పోడు. వెనక వచ్చే తెప్ప తాడు అందుకుని లాగాకే వెళతాడు. లాగినవాళ్ళకి కూలేమీ లేదు. కూరకి నాలుగు చేపలు చేతిలో పెడితే పెడతారు. వేట పడని రోజు అదీ లేదు. నాకూ ఒకసారి ఇచ్చారు! నేను లాగింది ఏమీ లేదు, తాడు చివర పట్టుకున్నానంతే. దోసెడు నెత్తళ్ళు కొంగులో పోశారు. (పచ్చి నెత్తళ్ళకి పులుపు పచ్చిమామిడికాయదే పట్టాలండీ. చింతపండు వెయ్యకండి, చేప విడిపోకముందే మామిడికాయ ముక్క ఉడికేలా సన్నగా తరగండి, గరిటె పెట్టి కలపకుండా గిన్నె పట్టుకుని తిప్పండి. ఇది అప్ప చెప్పిన సంగతి.)

ఇప్పుడు తగువు దగ్గరికి వస్తాను.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను మన పలాస దగ్గర తీరం దాటింది గుర్తుందా? ఉద్దానంలో కొబ్బరిచెట్లు నేలమట్టమైన తుఫాను. మా ఊళ్ళో కూడా తెప్పలు, వలలు దెబ్బతిన్నాయి. అప్ప పెనిమిటికి తెప్ప మిగిలింది గానీ వల పోయింది. వడ్డీకి డబ్బు తెచ్చి కొత్త వల కొన్నారు. మూడు నెలలు తిరగకుండా పక్కింటివాళ్ళ తెప్ప చీకట్లో ఆ వల మీంచి వెళ్ళిపోయింది. ఇంజను ఫ్యానుకి చుట్టుకుని వల చీలికలైపోయింది. కావాలనే చేశాడని వీళ్ళు, దీపం కట్టకుండా వల వేశారని వాళ్ళు. పెద్దలు కూర్చున్నారు, సగం డబ్బు ఇవ్వమన్నారు. వాళ్ళు ఇవ్వలేదు. ఆ తర్వాత రెండు ఇళ్ళ మధ్య మాటల్లేవు. అప్ప ఆ ఇంటి ముందు నుంచి నడిచేది కూడా కాదు, చుట్టు తిరిగి మా వీధిలోకి వచ్చేది. ఆ ఇంటి ఇల్లాలు పాటలో ధర పాడితే, ఈవిడ కావాలని ఇంకో పది పెంచేది. నష్టమొచ్చినా సరే! ఆ ముచ్చట నాకు బాగా అర్థమైంది. ఎందుకంటే నాకూ అప్పటికి అలాంటిదొకటి నడుస్తోంది.

అది కూడా చెప్పేస్తాను. మా అత్తగారు చివరి మూడేళ్ళు మా మరిది దగ్గర ఉన్నారు. మంచం పట్టాక ఎత్తడం, దించడం, కడగడం అంతా మా తోడికోడలే చేసింది. నేను సెలవులకి వెళ్ళి నాలుగు రోజులుండి వచ్చేదాన్ని. ఆవిడ పోయాక చూస్తే చేతి గాజుల జత చిన్నకోడలి బీరువాలో ఉంది. పెద్దకోడలికి చెందాలని అత్తగారు ఎప్పుడో అన్నారని నా పట్టు. పదకొండో రోజున, వంటింట్లో, నలుగురు ఆడవాళ్ళు వింటుండగా, "గాజుల కోసమే చేశావు కాబోలు" అన్నాను. ఇప్పుడు రాస్తుంటే చెయ్యి వణుకుతోంది. అప్పుడు మాత్రం సాఫీగానే వచ్చింది నోట్లోంచి. అది నా ముందు అన్నం వడ్డించడం ఆపి, గరిటె పక్కన పెట్టి, పెరట్లోకి వెళ్ళిపోయింది. ఆ తర్వాత రెండేళ్ళు రాకపోకల్లేవు.

సరే, 2019 చలికాలం. అల్పపీడనం వచ్చి పోయింది గానీ కెరటం ఇంకా తగ్గలేదు. నాలుగు రోజులు ఇళ్ళల్లో కూర్చుని అయిదో రోజు వేటకి వెళ్ళారు. పొద్దున్న ఎనిమిదింటికి ఒక్కొక్కటే తిరిగొస్తున్నాయి. అప్పా, నేనూ ఒడ్డునే ఉన్నాం. ఆవిడ పెనిమిటీ కొడుకూ ఉన్న తెప్ప అన్నిటికంటే వెనక. కెరటాలు విరిగే చోటికి వచ్చాక ఇంజను ఆగిపోయింది. నాకు ముందు తెలియలేదు. పక్కనున్న అప్ప చేతిలో గంప జారిపోతే ఆవిడ ముఖం చూసి తెలిసింది.

తెప్ప పక్కకి తిరిగింది. ఒక కెరటం పైకెత్తింది, రెండోది బోర్లా వేసింది. ఎంతసేపు పట్టిందంటే, మనం పాలు పొంగాయని చూసి స్టవ్ దగ్గరికి వెళ్ళేలోపు పొంగి కింద పడిపోతాయే, అంతసేపు.

ఒడ్డున ఎవరూ అరవలేదు. అది నాకు ఇప్పటికీ వింతగా ఉంటుంది. అరిచినదాన్ని నేనొక్కదాన్నే. మిగతావాళ్ళంతా పరుగు. మొలకి తాడు కట్టుకుని మొదట నీళ్ళలో పడ్డ మనిషి ఎవరనుకున్నారు? ఆ పక్కింటాయనే. వల చీల్చినాయన. అతని తాడు చివర పట్టుకుని నిలబడ్డది అతని పెళ్ళాం. ఆవిడ వెనక ఇంకో ఇరవై మంది. అప్ప కూడా వెళ్ళి ఆ తాడే పట్టుకుంది, ఆవిడ పక్కనే, భుజానికి భుజం ఆనుకుని. ఇద్దరూ ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసుకోలేదు.

నలుగురూ బతికారు. కొడుక్కి తెప్ప అంచు తగిలి తల పగిలింది, కుట్లు పడ్డాయి. కుర్రాణ్ణి పక్కింటాయనే భుజాన వేసుకుని ఆటో దాకా తీసుకెళ్ళాడు. మిగతావాళ్ళు తెప్పను తిరగేసి, నీళ్ళు తోడి, ఇంజను ఊడదీసి ఇసుక మీదికి చేర్చారు. మధ్యాహ్నం దాటింది. ఆ రోజు ఎవరి చేపలు ఎవరు అమ్మారో, ఏ ధరకి పోయాయో ఎవరూ అడగలేదనుకుంటాను.

మర్నాడు నేను మురిపెంగా వెళ్ళాను అప్ప దగ్గరికి. "పోనీలే అప్పా, ఈ వంకనైనా మీ రెండిళ్ళూ కలిశాయి" అన్నాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది.

"కలవడమేటి? వలడబ్బులు ఇయ్యనేదు గదా! అది ఏరు, ఇది ఏరు. నీల్ల కాడ అయ్యన్నీ ఉండవు. రేపు ఆడి తెప్ప తిరగబడితే మా ఓడు ఎల్లడా?"

"మరి నిన్న ఆవిడ పక్కన నిలబడ్డప్పుడు ఒక్క మాటైనా..."

"తాడు లాగుతుంటే మాటలెక్కడొస్తాయి మాస్టారమ్మా!"

ఆ సాయంత్రం మావారికి చెబితే, ఆయన పుస్తకాల మనిషి కదా, సముద్రంలో ప్రమాదంలో ఉన్నవాళ్ళని కాపాడి తీరాలని 1982 నాటి ఐక్యరాజ్యసమితి సముద్ర చట్టాల ఒప్పందంలో ఉందని, మన దేశం 1995లో దానికి ఒప్పుకుందని చెప్పారు. నేను ఆ ముక్క అప్పకి చేరవేశాను. "కాయితం మీద రాయాలేటి అది?" అని నవ్వింది. అన్నట్టు, చీలిన వల డబ్బులు ఆ తర్వాత కూడా వాళ్ళు ఇవ్వలేదు. పాటలో పోటీ కూడా ఆగలేదు.

ఆ ఊరివాళ్ళందరూ దేవతలని నేను చెప్పడం లేదండోయ్. తాగి కొట్టుకున్నవాళ్ళని చూశాను. అప్పు ఎగ్గొట్టినవాళ్ళని చూశాను. తూకంలో అప్ప నన్నే రెండుసార్లు మోసం చేసింది, అడిగితే మంచు కరిగిందంది. తెప్ప దగ్గర మాత్రం వేరే మనుషుల్లా ఉంటారు.

2020 మాఘమాసంలో మా మరిది కూతురి పెళ్ళి. జనవరిలో ఒకరోజు పోస్టుమాన్ కార్డు తెచ్చి ఇచ్చాడు. పెళ్ళికూతురికి పెదనాన్నండీ మావారు! సొంత అన్నగారికి పోస్టులో కార్డు! కవరు మీద అడ్రసు మా తోడికోడలి చేతిరాత కూడా కాదు. మావారు కార్డు చదివి, మడిచి, రేడియో మీద పెట్టి, "తాళి టైముకి నేను వెళ్ళి వస్తాను. నువ్వు రావక్కర్లేదులే" అన్నారు. నాకు కోపం రావాలి. వచ్చింది కూడా. "బొట్టు పెట్టి పిలవని చోటికి నేనెందుకు వస్తాను!" అన్నాను.

అదే నెలలో మన జిల్లా మత్స్యకారులు పాకిస్తాన్ చెర నుంచి విడుదలై వాఘా సరిహద్దు దాటి వచ్చారు. 2018 నవంబరులో గుజరాత్ వెరావల్ నుంచి వేటకి వెళ్ళి పట్టుబడ్డవాళ్ళు. ఎచ్చెర్ల మండలం డి.మత్స్యలేశం వాళ్ళు అందులో ఎక్కువ. తర్వాత 2025లో 'తండేల్' సినిమా వచ్చింది వాళ్ళ కథ ఆధారంగానే. ఆ రోజు మా ఒడ్డున అంతా ఆ మాటే. మన తీరాన ఎత్తే చేతులు ఇలా గుజరాత్‌కి, పరదీప్‌కి, చెన్నైకి పోతుంటే, ఇక్కడ తెప్ప ఎత్తడానికి ముసలాళ్ళూ ఆడవాళ్ళే మిగులుతున్నారని అప్ప అంది. అంటూనే లేచి, అప్పుడే వస్తున్న ఒక తెప్ప తాడు పట్టుకోడానికి వెళ్ళిపోయింది. ఎవరిది అన్నాను. ఏమో, అంది వెనక్కి తిరక్కుండానే.

పెళ్ళికి అయిదు రోజులుందనగా నేను రెండు పాత చీరలు, ఒక పట్టుచీర, నా అరిసెల చెక్కలు సంచిలో పెట్టుకుని రాజాం బస్సెక్కాను. (రాజాం అప్పుడు మన శ్రీకాకుళం జిల్లాలోనే ఉండేది, 2022లో విజయనగరంలో కలిపారు.) మావారికి కూడా బస్సెక్కాకే ఫోను చేశాను. దారంతా ఒకటే ఆలోచన. ఎందుకొచ్చావంటే ఏం చెప్పాలి? గుమ్మంలోంచే పంపేస్తే ఏ బస్సుకి తిరిగి రావాలి?

నేను వెళ్ళేసరికి వంటింట్లో బియ్యం పిండి దంచి పెట్టి ఉంది. పొయ్యి మీద బెల్లం పాకం. మా తోడికోడలు ఒక్కతీ ఉంది. అరిసెలు ఒక్క మనిషితో అయ్యే పని కాదని మీకు తెలుసు కదా. పాకం పట్టేవాళ్ళొకరు, పిండి పోసేవాళ్ళొకరు, వత్తేవాళ్ళొకరు, నూనెలోంచి తీసి నొక్కేవాళ్ళొకరు. సాయానికి వస్తానన్న వాళ్ళ చెల్లెలు జ్వరంతో రాలేదట. అది తర్వాత తెలిసింది. నన్ను చూసి తెడ్డు అలాగే పట్టుకుని ఉండిపోయింది. నేను చెప్పులు విడిచి, కాళ్ళు కడుక్కుని, కొంగు బిగించి, పిండి పళ్ళెం ముందుకి లాక్కున్నాను. నా నోట్లోంచి మాట రాలేదు. దానికీ రాలేదు.

ఎంతసేపో. గిన్నెలో పాకం బుడబుడమంటోంది.

"అక్కా, పాకం ముదిరిపోతోంది. పిండి పొయ్యి" అంది.

పోశాను. అప్పటికే ఓ ఘడియ దాటిపోయినట్టుంది, ఆ వాయి అరిసెలు గట్టిగా వచ్చాయి. పెళ్ళివారు ఏమీ అనలేదు గానీ, మా మరిది మాత్రం పంటి కింద పెట్టి ముఖం అదోలా పెట్టాడు. గాజుల సంగతి ఆమె ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. అవి ఇప్పటికీ ఆ బీరువాలోనే ఉన్నాయి.